కదలకూడని కారు

ఆ కారును నేను మొదటిసారి చూసింది కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో. ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసేవాడు. నేను మిషను బడిలో చిన్న తరగతులకు టీచరును, మాకు ఒక పాప. ఒక ఆదివారం ఆరాధన కాగానే, చర్చి చీర మార్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, పాపను పొరుగింట్లో వదిలి, స్కూటరు మీద కూర్చోబెట్టుకుని గురజాల అవతల ఒక ఊరికి తీసుకుపోయాడు. ఎందుకని అడిగితే, చూస్తావుగా అన్నాడు.

ఊరి చివర నాపరాళ్ళ ప్రహరీతో పెద్ద ఇల్లు. తలుపు తీసింది ఆ ఇంటావిడే. యాభై దాటిన మనిషి, భర్త పోయి పుష్కర కాలమైందని తర్వాత తెలిసింది. అంత ఇంట్లో పనివాళ్ళెవరూ కనపడలేదు. మమ్మల్ని కూర్చోమనలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తాళంచెవి పట్టుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ గడ్డివాము పక్కన రాతి కొట్టం ఉంది. తాళం తుప్పు పట్టి రాకపోతే మా ఆయన కిరసనాయిలు అడిగి పోసి తీశాడు.

లోపల పాత టార్పాలిన్ కింద కారు. మా ఆయన పట్టా లాగేసరికి దుమ్ము లేచి నాకు కళ్ళు కనపడలేదు. దుమ్ము అణిగాక చూస్తే ముదురు నీలం రంగు, గదంత పొడుగు. అంత పొడుగు బండికి తలుపులు రెండే. స్టీరింగు ఎడమవైపు. ముందు భాగమే మా షెడ్డులో పడుకునే బల్ల కన్నా పొడుగ్గా ఉంది. టైర్లు కుళ్ళిపోతే బండిని రాళ్ళ మీద నిలబెట్టారు. మా ఆయన బానెట్ ఎత్తి, లోపలికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజన్ అని చెప్పినప్పుడు ఆయన గొంతు చర్చిలో మాట్లాడినట్టు ఉంది.

నేను తలుపు తీసి ముందు సీట్లో కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అక్కడ సీటు లేదు. ఉత్త రేకు మీద గోనెసంచులు పరిచి ఉన్నాయి.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి మా ఆయనను అడిగింది. "కొనేది నువ్వేనా మేస్త్రీ, నిన్నెవరన్నా పంపారా?"

నేనేనమ్మా అన్నాడు. ఆవిడ అదే మాట మళ్ళీ అడిగింది. ఈసారి నా ముఖం చూస్తూ అడిగింది. మా ఇద్దరికే, ఇంకెవరూ లేరు అన్నాను. అప్పుడు ధర చెప్పింది. ఆ ధర విని మా ఆయన సంతోషించాడు. నాకు భయం వేసింది. పాత ఎద్దుబండికి కూడా ఎవరూ అంత తక్కువ అడగరు.

బండి అమ్ముతానని ఆవిడే కబురు చేసిందని తిరుగు దారిలో చెప్పాడు. మా ఆయనకు ఆ కారు కొత్త కాదు. ఆయన తండ్రి సాగర్ డ్యాం పనిలో కూలి. ఈయన అక్కడి క్వార్టర్ల దగ్గర పెరిగి, అక్కడి వర్క్‌షాపులోనే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో రాళ్ళ కాంట్రాక్టరు ఒకాయన, దేశం విడిచి వెళ్ళే దొర దగ్గర మద్రాసులో ఈ అమెరికా కారు కొనుక్కుని డ్యాం దగ్గరకు వచ్చేవాడట. బండి కనపడకముందే దాని చప్పుడు వినపడేదని, పిల్లలంతా గట్టు మీదకు పరుగెత్తేవాళ్ళని పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పాడు. ఆ కాంట్రాక్టరు భార్యే ఈవిడ.

ఆ కాంట్రాక్టరును చంపేశారు. ఆ ఊళ్ళో రెండు వర్గాలు, ఒక దానికి ఆయన పెద్ద. మాచర్ల రోడ్డు మీద ఒక కల్వర్టు దగ్గర దారికి అడ్డంగా ఎద్దుబండి పెట్టారు. ఏందో చూద్దామని కారు దిగినవాడు మళ్ళీ తన కాళ్ళ మీద ఎక్కలేదు. డ్రైవరే వెనక సీట్లో పడుకోబెట్టి మాచర్ల ఆసుపత్రికి తోలాడు. కేసు గురజాల కోర్టులో మొదలై ఏళ్ళ తరబడి నడిచాక కొట్టేశారు. ఆ తర్వాత పెద్దమనుషులు రాజీ చేశారు. రెండు వర్గాలూ ఒకే బస్సు ఎక్కుతాయి, కానీ పక్కపక్కన కూర్చోవు.

మా ఆయన వాదన తేలిక. పెళ్ళిళ్ళ ఊరేగింపులకు ఇలాంటి బండి నరసరావుపేటలోనే కాదు, గుంటూరులో కూడా లేదు. బాగుచేస్తే ఏడాదిలో మన షెడ్డుకు రేకులు తీసి స్లాబు వేసుకోవచ్చు. అది పైకి చెప్పిన మాట. అసలు మాట ఆయన చేతుల్లో కనపడుతోంది. అన్నం తింటూ కంచం అంచు మీద వేలితో ఇంజన్ బొమ్మ గీసేవాడు. నాకూ ఆశ లేకపోలేదు. క్రిస్మస్ నాడు ఆ కారులో చర్చి ముందు దిగినట్టు ఊహించుకున్నాను. అంతలోనే ఆ వెనకవైపు గోనెసంచులు గుర్తొచ్చేవి.

మేము ఇంకా ఏదీ తేల్చుకోకముందే ఒక జీపు మా షెడ్డుకు వచ్చింది. మడత నలగని తెల్లబట్టలు వేసుకున్న పెద్దమనిషి, వెంట ఇద్దరు. క్లచ్ సరిగా పట్టడం లేదన్నాడు. నేను అప్పుడే మా ఆయనకు క్యారియర్ తీసుకొచ్చి బల్ల మీద పెడుతున్నాను. నన్ను చూసి లేచి నిలబడి, టీచరమ్మా, ఎండలో వచ్చారు, కూర్చోండి అని తన కుర్చీ ఇచ్చాడు. బడి గురించి అడిగాడు, పిల్లలకు లెక్కలు బాగా చెప్పాలన్నాడు. పని అయ్యేదాకా ఇంకేమీ మాట్లాడలేదు. జీపు ఎక్కాక మా ఆయనను దగ్గరకు పిలిచాడు.

"ఆ నీలం బండి కొంటున్నావంట గదా. కొనుక్కో, నీ ఇష్టం. పేటలో తిప్పుకో, గుంటూరులో తిప్పుకో. మా బజారులోకి మాత్రం రానియ్యబాక."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. జీపు వెళ్ళిపోయాక పక్క పంచర్ షాపు సాయిబు వచ్చి, ఆయనెవరో తెలుసునా అన్నాడు. ఆ హత్య కేసులో మొదటి ముద్దాయి ఆయనే. మా ఆయన ఆ రోజు క్యారియర్ విప్పలేదు.

మేము కారు చూసిన సంగతి మేమెవరికీ చెప్పలేదు. మరి ఆయనకు ఎలా తెలిసింది? ఎవరో బలవంతాన చెప్పించి ఉంటే, ఆవిడ ఒక్కతే కనపడిన ఇల్లు. నాకు మనసు ఊరుకోలేదు. బడికి సెలవు పెట్టి మాచర్ల బస్సు ఎక్కి గురజాలలో దిగాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల పొగ కిటికీలోంచి వచ్చి చీరంతా బూడిద రంగు తిరిగింది. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఏ ఊరు వెళుతున్నావని అడిగితే, ఆ ఊరి పేరు చెప్పడానికి నోరు రాక వేరే ఊరి పేరు చెప్పాను.

ఈసారి ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి పీట వేసింది. మజ్జిగ ఇచ్చింది. వాకిలి తలుపు గడియ వేసి వచ్చి, నా ఎదురుగా కింద కూర్చుంది. వాళ్ళింటి ఆడవాళ్ళు మావాళ్ళ ఎదుట కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జీపు సంగతి చెబితే, ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే ఆ బజారుకు తెలియకుండా ఉండదు, నన్నెవరూ ఏమీ అనలేదు అంది. మీకు తెలియాల్సిందే అని మొదలుపెట్టి ఆవిడ చెప్పిన సంగతి ఇది. దుర్గి శిల్పుల దగ్గర ఆవిడ భర్త విగ్రహం చెక్కిస్తున్నారు. చెక్కించేది ఆమె మరిది. శ్రావణంలో ఊరి నడిబొడ్డున నిలబెడతారు. ఆ రోజు ఊరేగింపు ఉంటుంది. ఆ నీలం కారును బాగుచేయించి, అందులో ఆమె కొడుకును కూర్చోబెట్టి, ఎదుటివాళ్ళ బజారు గుండా తిప్పాలని మరిది పంతం. కొడుక్కు ఇరవై నిండాయి. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు చదువు మానేసి వచ్చేశాడు. తండ్రి పోయినప్పుడు బడికి పోయే వయసు వాడికి. తండ్రి ముఖం కన్నా ఆ కారే వాడికి ఎక్కువ గుర్తు.

"ఆ బండి కదిలిందా, నా కొడుకు ఎక్కుతాడమ్మాయ్. ఎక్కినాక దింపడం నావల్ల గాదు," అంది. "మీరు కొనండి. కొని కోసెయ్యండి. ముక్క ముక్క చేసి అమ్ముకోండి. మీరైతే ఏ పక్కోళ్ళూ గాదు, అందుకే మిమ్మల్ని రానిచ్చా."

మీరే అబ్బాయికి చెప్పి చూడరాదా అన్నాను. చెప్పాను, వాడు నవ్వుతాడు అంది. వాళ్ళ చిన్నాన్న నవ్వినట్టే నవ్వుతాడు. కొడుకుతో బండిని రిపేరుకు ఇస్తున్నానని చెబుతానంది. కారు కాగితాలు ముందే తెచ్చి పెట్టుకుంది. వెనక సీటు ఏమైందని అడిగాను. దాన్ని నేనే తగలబెట్టాను, మిగిలింది కూడా అలాగే తగలబెట్టగలిగితే మిమ్మల్ని పిలిచేదాన్ని కాదు అంది.

ఇంటికి వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. విని, మొదట కోపం తెచ్చుకున్నాడు. కోయడానికి నేనెందుకు, పాత ఇనుము వాడికి ఇచ్చుకోమను అన్నాడు. ఇనుము వాడైతే మరిది ఒక్క బెదిరింపుతో తిరిగి తీసుకుంటాడని ఆయనకూ తెలుసు. అసలు ఈ గొడవలో వేలు పెట్టకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే మరిది ఇంకో మేస్త్రీని పట్టుకుంటాడు. గుంటూరులో మేస్త్రీలకు కరువు లేదు. కొని, మాట తప్పి, బాగుచేసి వేరే జిల్లాలో అమ్ముకోవచ్చు. ఆ ఆలోచన ఆయన నోటివెంటే వచ్చింది, తనే తల అడ్డంగా ఊపాడు. రెండు రోజులు మేము ఇదే మాట్లాడుకున్నాం. చివరకు నేను, ఆవిడ నా ఎదుట కింద కూర్చుందండీ అన్నాను. ఆయన చొక్కా వేసుకుని ట్రాక్టరు మాట్లాడటానికి వెళ్ళాడు.

కారును ట్రాక్టరు ట్రక్కు మీదకు ఎక్కించి తెచ్చిన రోజు నేను లేను. మా ఆయన చెప్పిందే చెబుతున్నాను. ఊళ్ళోంచి రోడ్డెక్కే దాకా జనం అరుగుల మీద నిలబడి చూశారట. ఒక్కరూ ఏంది ఎక్కడికి అని అడగలేదట. చుట్ట కాలుస్తున్న ముసలాయన మాత్రం ట్రక్కు దగ్గరకు వచ్చి, కారు రేకు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడట.

వచ్చిన మర్నాడే కోస్తానన్నాడు మా ఆయన. కోయలేదు. ముందు ఇంజన్ దించి చూడాలన్నాడు. చూస్తే తుప్పుకు పట్టేసి తిరగడం లేదు. సిలిండర్లలో డీజిలు పోసి నానబెట్టాడు. పట్టేసిన ఇంజన్‌ను విప్పి అమ్మితే ఎవరు కొంటారు, ఆడేలా చేసి అమ్మాలి గదా అన్నాడు. నేను నమ్మినట్టు ఊరుకున్నాను. రోజూ లారీల పని అయ్యాక ఆ బండి పక్కన కూర్చునేవాడు. కార్బరేటర్ విప్పి పెట్రోలుతో కడిగి మా ఇంటి చేటలో ఆరబెట్టాడు. చెడిపోయిన రబ్బరు సామాను కోసం రెండుసార్లు మద్రాసు వెళ్ళొచ్చాడు. రంగు మీద మురికి తుడిచేసరికి కారు కృష్ణలో మునిగి లేచినట్టు మెరిసింది. షెడ్డుకు పని కోసం వచ్చిన లారీ డ్రైవర్లు పని మర్చిపోయి దాన్నే చూసేవాళ్ళు. చూసి ఎవరిదని అడిగేవాళ్ళు. చెబితే టక్కున మాట మార్చేవాళ్ళు.

శ్రావణం దగ్గరపడుతోంది. ఒక ఆదివారం మా ఆయన ఒంట్లో బాగాలేదని ఆరాధనకు రాలేదు. మా చర్చి షెడ్డుకు దగ్గరే, మధ్యలో జామాయిలు చెట్లే అడ్డం. అయ్యగారు ప్రసంగం చెబుతుండగా చప్పుడు మొదలైంది. ముందు దగ్గు లాంటిది, రెండుసార్లు ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంది. లారీ చప్పుడు కాదు, ట్రాక్టరుది కాదు. కడుపులోంచి వచ్చే గుర్రు. బల్లల మీద కూర్చున్నవాళ్ళకు కాళ్ళ కింద నేల అదిరింది. అయ్యగారు మాట ఆపి కిటికీ వైపు చూశారు. అందరూ నా వైపు చూశారు. నేను బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాను. ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు.

షెడ్డుకు వెళ్ళేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. పదేళ్ళ వయసువాడిలా ఉన్నాడు. నన్ను చూసి ఇంజన్ ఆపేశాడు. ఆయనే, ఒక్కసారి వినాలనిపించింది అన్నాడు. రోడ్డు మీద అప్పటికే జనం మూగి ఉన్నారు. మాచర్ల వైపు వెళ్ళే బస్సు కూడా ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మరిది మా ఇంటికి వచ్చాడు. వెంట ఆమె కొడుకు. పొడుగ్గా, సన్నగా, మీసం ఇంకా పూర్తిగా రాని మనిషి. నాకు దండం పెట్టాడు. మరిది మా ఇంట్లో కాఫీ తాగాడు, బాగుందన్నాడు. శ్రావణ శుక్రవారం విగ్రహం, బండి ముందు రోజే ఊరికి రావాలన్నాడు. తోలేది నువ్వే మేస్త్రీ, పక్కన మావాడు కూర్చుంటాడు అన్నాడు. ఎదుటివాళ్ళ బజారు మాట మా ఆయన ఎత్తబోతే, అవన్నీ నీకెందుకు, నువ్వు స్టీరింగు చూసుకో అన్నాడు.

అక్కడి నుంచి షెడ్డుకు వెళ్ళారు. ఆ అబ్బాయి కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాన్న వాసన వస్తోంది అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన గోడ వైపు తిరిగాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత మా ఆయన ఇనుము కోసే గ్యాసు సిలిండర్ కోసం మనిషిని పంపాడు.

పట్టపగలే కోశాడు. షెడ్డు తలుపులు తీసే ఉంచమన్నాను. దాచి చేసినట్టు ఉండకూడదని నా ఆలోచన. ముందు పైకప్పు. తర్వాత తలుపులు. నీలం రంగు కాలి బుడగలు లేచి నల్లబడుతుంటే ఆ వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఛాసిస్ మూడు ముక్కలు చేశాడు. ఇంజన్‌ను మాత్రం కోయలేక, కప్పీకి వేలాడదీసి, సమ్మెట తీసుకుని బ్లాకు పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకూ ఆయన భుజాలు అదరడం చూశాను. అయిపోయాక చేతులు కడుక్కుని ఇంటికి వచ్చి, పడుకుని, గోడవైపు తిరిగాడు. ఇది పాపమా అని ఒక్క మాట అడిగాడు. తెలియదన్నాను.

ఆ అబ్బాయి రెండో రోజు మధ్యాహ్నం వచ్చాడు. వెంట ఇద్దరు. నేను బడి నుంచి క్యారియర్ ఖాళీ గిన్నెల కోసం షెడ్డుకు వెళ్ళి ఉన్నాను. ముక్కల మధ్య అతను నిలబడి ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"మా అమ్మ చెప్పిందా కొయ్యమని?"

ఔనంటే ఆ ఇంట్లో ఆవిడ గతి ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మకేం తెలవదయ్యా. బ్లాకు పగిలుంది, పనికిరాదు. ముక్కలైతే అమ్ముడుపోతయ్యని నేనే కోశా."

ఆదివారం ఇంజన్ ఆడినట్టు ఊరందరికీ తెలుసు. ఆ అబ్బాయి దగ్గరకు వచ్చి మా ఆయన చెంప మీద కొట్టాడు. తనకన్నా పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి, బజారంతా చూస్తుండగా. మా ఆయన కదలలేదు, చెయ్యి ఎత్తలేదు. సాయిబు పంచర్ పట్టీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. వెంట వచ్చిన ఇద్దరూ మాత్రం మర్నాటి నుంచి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాళ్ళు. ఎవరినీ ఏమీ అనేవాళ్ళు కాదు. షెడ్డుకు వచ్చే లారీలు తగ్గిపోయాయి.

విగ్రహం రోజు ఊరేగింపు ట్రాక్టరు మీద జరిగింది. ట్రాక్టరు మీద ఎదుటివాళ్ళ బజారుకు పోవడం చిన్నతనం అనుకున్నారో, ఏమో, ఆ బజారు తప్పించి పోయారు. ఆ రోజు ఏమీ జరగలేదు. మేము ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ వారంలోనే తెల్లబట్టల పెద్దమనిషి జీపు మళ్ళీ వచ్చింది. ఎదురుగా టీకొట్టులో ఆ ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. ఆయన దిగి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఒక పళ్ళబుట్ట చేతికిచ్చాడు.

"మంచి పని చేశావు మేస్త్రీ. మా మనిషివనిపించుకున్నావు," అన్నాడు. బజారుకంతా వినపడేలా అన్నాడు.

మా ఆయన బుట్ట తీసుకోలేక, తీసుకోకుండా ఉండలేక, పట్టుకుని నిలబడ్డాడు. జీపు పోయేసరికి టీకొట్టు బల్ల ఖాళీగా ఉంది. వాళ్ళు సాయంత్రం బస్సు దాకా ఆగలేదు. అది చూసి సాయిబు మా దగ్గరకు వచ్చి, బావా, పిల్లను తీసుకుని కొన్నాళ్ళు ఎటన్నా పోండి అన్నాడు. మా పాప అప్పుడు ఒకటో తరగతి. ఆ రోజు నుంచి దాన్ని ఒక్క నిమిషం కూడా కళ్ళ ముందు నుంచి పోనివ్వలేదు. ఒంగోలులో మా అక్క ఇంటికి పోదామని గిన్నెలు కూడా మూట కట్టాను.

పోయేలోపు ఆవిడే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎర్రబస్సులో, ఒక్కతే. బస్టాండు నుంచి మా ఇంటిదాకా ఎండలో నడిచి వచ్చి, లోపలికి రమ్మంటే రాలేదు. వీధి వసారాలో కూర్చుంటానంది. ఆకలిగా ఉంది, అన్నం పెట్టమంది. నేను గోంగూర, పప్పు వడ్డించాను. వాళ్ళవాళ్ళు మా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆవిడ వీధిలో పోయేవాళ్ళందరూ చూసేలా, నిదానంగా, కలుపుకుని తిన్నది. ఆవిడ వెనకే వచ్చారేమో, టీకొట్టులో కూర్చునే ఆ ఇద్దరూ మా వీధి మొదట్లో నిలబడ్డారు. ఒకణ్ణి పేరు పెట్టి పిలిచి, నా కొడుకును తీసుకురా, నేనిక్కడ ఉన్నానని చెప్పు అంది. వాడు వెళ్ళాడు. ఆవిడ ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా వసారాలోనే కూర్చుంది.

ఎండ వాలేసరికి కొడుకు జీపులో వచ్చాడు. తల్లి మా ఇంటి వసారాలో కూర్చుని ఉండటం చూసి వీధిలోనే ఆగిపోయాడు.

"కోయించింది నేనురా. ఈయన్ను కొట్టావంట. నన్ను కొట్టు," అంది.

అతను తల్లి ఎంగిలి చెయ్యి వైపు చూశాడు. జీపు ఇంజన్ ఆడుతూనే ఉంది. వెనక్కి తిరిగి జీపు ఎక్కాడు. ఆవిడ లేచి, చేతిలో నీళ్ళు పోయించుకుని కడుక్కుని, బస్సు ఎన్నింటికని అడిగింది. మా ఆయన స్కూటరు తీశాడు. ఆవిడ ఎప్పుడూ స్కూటరు ఎక్కినట్టు లేదు. వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. ఆ రాత్రి గిన్నెల మూట విప్పేశాను. టీకొట్టు బల్ల మీదకు ఆ ఇద్దరూ మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడాది మరిదిని చంపేశారు. మాచర్ల రోడ్డు మీదే, జీపులో. కబురు మాకు మధ్యాహ్నం మాచర్ల బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. జీపులో ఇంకెవరున్నారో వాళ్ళకు తెలియదు. మా ఆయన చేస్తున్న పని వదిలేసి రోడ్డు మీద నిలబడి, అటునుంచి వచ్చే ప్రతి బస్సునూ ఆపి అడిగాడు. ఆ అబ్బాయి అందులో లేడని తెలిసేసరికి దీపాలు పెట్టారు. ఆ రోజు తల్లికి జ్వరం తగిలితే గురజాల ఆసుపత్రిలో పక్కన కూర్చుని ఉన్నాడట.

ఇక అందరి చూపూ అతని మీద పడింది. ఇప్పుడు ఆ వర్గానికి మిగిలింది అతనే. కర్మ కాగానే ఆవిడ మా ఆయనకు కబురు చేసింది. ఇల్లు తాళం వేసి, అచ్చంపేట దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న తన పుట్టింటికి పోతామని, సామాను చేరవేయాలని. మా ఆయన తెలిసినవాళ్ళ లారీ తీసుకుని తనే తోలుతానన్నాడు. పాపను పొరుగింట్లో ఉంచి నేనూ వెళ్ళాను. క్యాబిన్‌లో ఆవిడ, నేను. కొడుకు వెనక సామాను మీద, బీరువాకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎక్కేముందు మా ఆయన దగ్గర ఆగి, అన్నా అని మాత్రం అన్నాడు. మా ఆయన ఎక్కు ఎక్కు అని వెన్ను తట్టాడు.

ఊరు దాటాక అద్దంలో ఒక జీపు కనపడింది. మేము మెల్లగా పోతే అదీ మెల్లగా వచ్చింది. దాటమని మా ఆయన చెయ్యి ఊపాడు. దాటలేదు. లోపల ఎవరున్నారో దుమ్ములో కనపడలేదు. ఆవిడ అద్దం వైపు ఒక్కసారి చూసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దాచేపల్లి దాటాం, జీపు వెనకే ఉంది. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల పొగ రోడ్డంతా కమ్మింది. పొగ దాటి వచ్చాక అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. జీపు ఆగిపోయిందో, పొగలోనే ఉందో తెలియలేదు. వెనక కిటికీలోంచి చూస్తే, సామాను మీద ఆ అబ్బాయి లేచి నిలబడి, వచ్చిన దారినే చూస్తున్నాడు. టీ తాగుదామా అని నేను అడిగితే మా ఆయన వద్దన్నాడు. కృష్ణ కనపడేదాకా ఎక్కడా లారీ ఆపలేదు.